సిమెంటు దారిలో అడుగున్నర మన్ను

రాప్తాడు
9 జూన్ 2025

మేస్త్రీలకు మేస్త్రీ, సిమెంటు చక్రవర్తి, వజ్రాన్వేషక శిఖామణి అయిన కుళ్ళాయప్ప తాతకు, మనవడు శశి సాష్టాంగపడి రాస్తున్నది. సాష్టాంగం నిజంగానే పడ్డాను. వాకిలి తడిగా ఉంది.

ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క మగ్గం తప్ప. అక్కడ నువ్వూ, త్రివేణి అత్తా, నువ్వు చేలల్లో ఏరుతున్న రాళ్ళూ బాగున్నాయనుకుంటాను. తొలకరి చినుకు పడీ పడకముందే వజ్రాలు వెతకడానికి కూతురి ఊరికి బస్సెక్కేస్తావు. ఫోన్ చేద్దామంటే నీ చెవులు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. "ఎట్లుండావు తాతా" అంటే "తిన్నా" అంటావు. అత్తతో చెప్పిద్దామంటే ఆమె మన మాటకు తన మాట కలిపి చెబుతుంది. బి.ఎస్సీ. వృక్షశాస్త్రం ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూసే తీరిక నాకు దండిగా ఉంది కాబట్టి కాగితం పట్టాను.

మొన్న శనివారం మధ్యాహ్నం వాన వచ్చింది తాతా. ఎనిమిది నెలలు మొహం చాటేసిన ఆకాశం ఒక్కసారిగా ఇంటి మీద పడింది. గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాను. గేటు నుంచి లోపలిదాకా నువ్వు పోసిన నలభై అడుగుల సిమెంటు దారి నా కళ్ళముందే ఏరయింది. ఒక్క చుక్క ఇటూ అటూ పోలేదు. అంత నీరూ బడి గంట విన్న పిల్లల్లా వరసగా ఈశాన్యం మూలకు పరిగెత్తింది. ఎంత అందంగా వాలు చూసి వాటం ఇచ్చావు అని మనసులో నీకు దండం పెట్టుకుంటూ ఉండగా ఈశాన్యం మూల నుంచి మా అమ్మ కేక వినబడింది.

అక్కడ ఉన్నది మగ్గం రూము కదా. నువ్వు దారి పోసిన ఆరేళ్ళకు, పొద్దుటి వెలుగు నేరుగా పట్టు మీద పడుతుందని అమ్మ అక్కడే కట్టించుకుంది. ఇన్నాళ్ళూ వానకు ఆ గోడ తడిసేది, అంతే. ఈసారి నీళ్ళు గోడ కింద నుంచి దూరి మగ్గం గుంతలోకి దిగాయి. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఆ గుంతలో అమ్మ పిక్కల దాకా నీళ్ళు. పైన సగం నేసిన పెళ్ళిచీర. ఆమె రెండు చేతులతో పడుగును పైకెత్తి పట్టుకుని, కదలకుండా నిలబడి ఉంది. తడి గాలికే పట్టు పోగులు సడలిపోయాయి.

వాన ఆగాక అమ్మ గట్టిగా మాట్లాడలేదు. అదే భయం. "ఇంకొక్క తూరి ఈ గుంతలోకి నీళ్ళొస్తే మగ్గం ఇప్పేసి అమ్మేస్తా. అంతే" అంది.

అందుకని నా పథకం. సిమెంటు దారిని మధ్యలో, గేటు నుంచి చివరిదాకా, అడుగున్నర వెడల్పున కోసి తీసేస్తాం. మన్ను పోసి మొక్కలు పెడతాం. నీళ్ళు అందులో ఇంకుతాయి. అయితే అమ్మ ఒప్పుకోవడం లేదు. "మామ పోసిందాని మీద మామ మాట లేకుండా ఉలి ఆనిస్తే నీ చెయ్యి ఇరుస్తా" అంది. చెయ్యి నాకు అవసరం, ఉద్యోగ దరఖాస్తులు రాయాలి. కాబట్టి సరేనని ఒక్క ముక్క కాగితం మీద రాసి పంపు. తర్వాతి వాన ఎప్పుడొస్తుందో తెలియదు.

నీ తడిసిన మనవడు,
శశి

*

వజ్రకరూరు
14-6-2025

శశిగా,

నీ జాబు భూతద్దం పెట్టి చదివినా. బిరుదులన్నీ దాటుకొని విషయం కాడికొచ్చేసరికి మద్యాన్నమయ్యింది. ఇంగ మీదట బిరుదులు తగ్గించి అక్షరాలు పెద్దవి రాయి.

నా దారికేమయ్యింది? పగులొచ్చిందా? యాడన్నా కుంగిందా? ఏమీ కాకుండా కొయ్యాలంటే నాకు అర్థం కాల్యా. అది నేను చేసిన ఆఖరి పని. పదకొండేండ్లయ్యింది. పోసినాక పద్నాలుగు దినాలు దాని మీద నీళ్ళు కట్టినాం. తాగేదానికి ట్యాంకరు వచ్చే ఎండాకాలంలో, మీ జేజి ఇంట్లోకి పట్టిన బిందెలు తెచ్చి దారి మీద పోసింది. వీధిలో వాళ్ళు నవ్వినారు. దాన్ని కోస్తావా?

నీళ్ళు ఈశాన్యానికి పోవాలని పెద్దోళ్ళు చెప్పినారు, నేను పంపించినా. ఆడ మగ్గం కట్టింది నేనా?

ఇంకొకటి. మీ నాయన తోలే ట్రాలీ ఆటోకు చక్రాలెన్నిరా? మూడు. ఎనక చక్రాలు రెండూ అటూ ఇటూ పోతాయి సరే. నడిమిట్ల తోట పెడితే ముందు చక్రం యాడ పోతాది? ఆకాశంలోనా? మూడు చక్రాల బండి ఉండే ఇంట్లో ఎవుడూ నడిమిట్ల చెట్లు పెట్టడు. ఇది చెట్ల కోసరం కాదనిపిస్తాంది. నిజం రాయి.

మీ అమ్మ అరుణజ్యోతిని అడిగినానని చెప్పు. వజ్రం దొరకల్యా. ఒక మేకు, రెండు గాజు పెంకులు దొరికినాయి.

కుళ్ళాయప్ప

*

రాప్తాడు
19 జూన్ 2025

తాతా,

అక్షరాలు పెద్దవి చేశాను. బిరుదులు నీ ఆజ్ఞ ప్రకారం ఒకటికి కుదించాను: తాత.

దారికి పగులు లేదు. కుంగలేదు. నీ దారి మీద రోలు దొర్లించినా రోలే పగులుతుంది. దాని తప్పల్లా అది మరీ బాగుండటమే.

ఇక చక్రం సంగతి. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ప్రశ్న ఎందుకు తాతా? నాయన కాస్త పక్కకు తోలుకుంటాడు. లేదా ముందు చక్రం ఎత్తి సర్కసు చేస్తాడు. అదంతా తర్వాత చూసుకోవచ్చు.

శుభవార్త ఏమంటే పని మొదలైనట్టే. గుత్తి నుంచి ప్రతాప్ చిన్నాయన వచ్చాడు. గ్రానైటు కోసే ఆయన మిషనుతో నీ సిమెంటును కోసిస్తానన్నాడు. నిన్న సాయంత్రం నాయనా చిన్నాయనా టేపు చెరొక కొస పట్టుకుని వాకిలంతా కొలిచారు. సరిగ్గా మధ్యలో సుద్దగీత గీశారు. అటు అయిదడుగులు, ఇటు అయిదడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. ఇకమీదట కుడివైపు ఒక రాజ్యం, ఎడమవైపు ఒక రాజ్యం. సరిహద్దు దాటేవారు నా దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. అమ్మ మాత్రం నీ కాగితం వచ్చేదాకా మిషను ప్లగ్గు పెట్టనివ్వనని వైరు తీసి బియ్యం డబ్బాలో దాచేసింది.

మళ్ళీ మబ్బులు తిరుగుతున్నాయి. అమ్మ ఇప్పుడు మగ్గం పక్కన ఒక బకెట్టు, ఒక చెంబు పెట్టుకుని నేస్తోంది. గాలి వీస్తే చాలు, పడుగు మధ్య అటూ ఇటూ ఆడే నాడె ఆపేసి గోడ వైపు చూస్తుంది. త్వరగా రాయి తాతా.

సరిహద్దు అధికారి,
శశి

*

వజ్రకరూరు
24-6-2025

శశిగా,

నీ జాబు చదివి అన్నం తినబుద్ది కాలా.

నేను అనుకున్నదే అయ్యింది. త్రివేణికి గుత్తి నుంచి ప్రతాప్ పెండ్లాం గంగాదేవి ఫోన్ చేసి, అన్నదమ్ములిద్దరూ టేపు పట్టి వాకిలి కొలుస్తాండారని చెప్పిందంట. త్రివేణి నాకు కాగితం మీద రాసి చూపిచ్చింది. ఏమో పిల్లోని చెట్ల పిచ్చి అనుకున్నా. నీ జాబులో నువ్వే రాసినావు. అటు అయిదు, ఇటు అయిదు. రెండు రాజ్యాలు.

భాగాలు పంచుకునేది ఉంటే మొగం మీద చెప్పల్ల. చెట్లనీ మగ్గమనీ చిన్నపిల్లోనితో జాబులు రాపిచ్చేది ఎందుకు?

నీకు తెలీదు కాబట్టి రాస్తాండా. నాకు ఇరవై రెండేండ్లప్పుడు మా అన్న, నేను ఏరుపడినాం. పెద్దమనుషులు వచ్చి వాకిట్లో నడిమిట్ల సున్నంతో గీత గీసినారు. గీతకు అటు పక్క మగ్గం ఉండె. మా నాయన మగ్గం. అది మా అన్నకు పోయింది. ఇటు పక్క వట్టి పెరడు, అది నాకు వచ్చింది. మగ్గం మీద పుట్టినోడిని, వట్టి పెరట్లో నిలబడుకొని ఏం నేయల్ల? మరసటి దినమే తాపీ పట్టినా. మా అన్న చచ్చిపోయేదాకా ఆ గీత దాటల్యా, నేనూ దాటల్యా.

అందుకే నా ఇంటికి వాకిలి ఒక్కటే ముక్కగా పోసినా. నడిమిట్ల జాయింటు గీత పెట్టల్ల అని తోటి మేస్త్రీలు చెప్పినారు. వద్దన్నా. నలభై అడుగులూ ఒక్క దినంలో, ఒక్క ముక్కగా పోసినా.

దాని మీద గీత గీసినారు మీరు. నా మాట కావల్లంటివి కదా. ఇదే నా మాట. వద్దు.

కుళ్ళాయప్ప

*

రాప్తాడు
29 జూన్ 2025

తాతా,

ఈ ఉత్తరంలో ఎగతాళి ఉండదు. ఉన్నట్టు నీకు ఎక్కడైనా అనిపిస్తే అది చేతి అలవాటు, మనసుది కాదు.

రాజ్యాలూ సరిహద్దులూ నేను రాసినవి. నాయన కాదు, చిన్నాయన కాదు. సొంత తెలివి చూసుకుని మురిసిపోయి రాశాను. అవతల చదివేది నువ్వని మరిచిపోయాను.

నీ ఉత్తరం అమ్మ పైకి చదివింది. సున్నం గీత దగ్గరకు వచ్చేసరికి కాగితం నాయన చేతికి ఇచ్చింది. మిగతాది నాయన చదివాడు. మీ అన్న సంగతి మాలో ఒక్కరికీ తెలియదు తాతా. తాపీ అంటే ఇష్టపడి పట్టుకున్నావనే ఇన్నాళ్ళూ అనుకున్నాం. నాయన కాగితం మడిచి అమ్మకు ఇచ్చాడు. తర్వాత ప్రతాప్ చిన్నాయనకు ఫోన్ చేసి, "నాయన మనం భాగాలు పంచుకుంటాండామని అనుకున్నాడప్పా" అన్నాడు. అవతల చిన్నాయన ఏమన్నాడో మాకూ వినబడింది. "నాకు ఆ ఇంట్లో సగం యాటికి? పండక్కి వస్తే పండుకునే తావు ఉంటే సాలు." గంటన్నరలో బండి వేసుకుని వచ్చేశాడు. అన్నదమ్ములిద్దరూ చెరొక గోనెసంచి తడిపి, మోకాళ్ళ మీద కూర్చుని, నలభై అడుగుల సుద్దగీతనూ తుడిచారు. ఒక చోట గట్టిగా పట్టుకుని పోకపోతే చిన్నాయన గోటితో గీకాడు. ఆయన వయసు నలభై ఆరు.

ఇక చక్రం. నువ్వు అడిగిందాకా ఆ మాట మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఆ బండి రోజుకు నాలుగుసార్లు తోలే నాయనకే తట్టలేదు. నేను దారి బొమ్మను ఫోనులో చూశాను. అది ఎవరిదో కారున్న ఇల్లు. నాలుగు చక్రాలు. మనకు మూడని గుర్తు రాకుండా చదువు అడ్డం వచ్చింది.

నిన్న చిన్న వాన పడింది. పది నిమిషాలే. గుంతలోకి రెండు చెంబుల నీళ్ళు వచ్చాయి. అమ్మ ఎత్తిపోసి, చీర కొంగుతో అడుగు తుడిచి, మళ్ళీ కూర్చుంది. "దీన్ని కూడా లెక్కలోకి తీసుకుంటావా" అని అడిగాను. "మామకు రాసినావు కదా. మామ మాట వచ్చేదాకా లెక్క లేదు" అంది. నువ్వు వద్దన్న కాగితం ఆమె చేతిలోనే ఉంది తాతా. అయినా ఇంకా నీ మాట రాలేదనే అంటోంది.

కొయ్యాలో వద్దో నువ్వే చెప్పు. కొయ్యాలంటే ఎక్కడ కొయ్యాలో కూడా నువ్వే చెప్పు. నీ గీత లేకుండా మేము గీయం.

శశి

*

వజ్రకరూరు
5-7-2025

శశిగా,

అరుణజ్యోతికి చెప్పు. ఆ యమ్మ మగ్గం ఇప్పేది లేదు. మా నాయన మగ్గం ఒకటి గీతకు అవతల పోయింది. ఇంకొకటి నేనిచ్చిన వాటానికి పోగూడదు.

వాటం నాదే. వాస్తు నాదే. ఆడ ఎవురన్నా రేపు పొద్దున ఏమన్నా కట్టుకుంటారేమో, ఈ నీళ్ళు యాడికి పోతాయో నేను అడగల్యా. నీళ్ళను గేటు కాడ నిలవనియ్యల్యా, ఇంటి ముందర నిలవనియ్యల్యా, మూలకు తోసినా. ఆడికి నా పని అయిపోయిందనుకున్నా.

ఇప్పుడు చెప్పేది బాగా ఇను. మీ నాయనను బండి చక్రాలు మూడూ తడిపి గేటు నుంచి లోపలికి, రోజూ తోలినట్లే తోలమను. సిమెంటు మీద మూడు తడిగీతలు పడతాయి. నడిమి గీతకూ ఎడమ గీతకూ మద్దెన అడుగున్నర ఎడం ఉంటాది. అదే నీ తోటకు తావు. గీత గీసేది నేనూ కాదు, మీరూ కాదు. మీ నాయన బండి. ఎడమ పక్క పల్లం కాబట్టి కుడి పక్క పడిన వాన అంతా దాన్ని దాటల్ల. దాటనియ్యదు, తాగుతాది.

ఆఖర్న మగ్గం రూము గోడకు నాలుగడుగుల ముందరే ఆపి, ఎడమకు తిప్పి ప్రహరీ దాకా కొయ్యండి. చేతికర్ర వంపు మాదిరి. బండి ఆడిదాకా రాదు కాబట్టి భయం లేదు. మిగిలిన నీళ్ళు ఆ వంపులో పడతాయి.

కోసినాక అంచుల కింద మన్ను తొలిచొద్దు. చక్రం పోయే బండ కింద గాలి ఉంటే కూలుతాది. అంచు వెంబడి ఇటికెరాళ్ళు నిలువునా దిగ్గొట్టు. లోతు మోకాలి దాకా. కింద గులకరాయి, మీద మన్ను, పేడ ఎరువు.

ప్రతాప్‌కు చెప్పు, మిషను తొందరగా తోయొద్దని. అది గ్రానైటు కాదు. నా సిమెంటు.

కుళ్ళాయప్ప

*

రాప్తాడు
14 జూలై 2025

తాతా,

కోశాం. రెండు రోజులు పట్టింది.

ముందు నాయన చక్రాలు తడిపి తోలాడు. మూడు గీతలు పడ్డాయి. నువ్వు చెప్పిన ఎడంలో నేను సుద్దముక్కతో గుర్తు పెడుతుంటే తడి ఆరిపోతోందని అమ్మ పక్కన నడుస్తూ చెంబుతో నీళ్ళు చల్లింది. అలా నలుగురం వాకిట్లో వంగి నడుస్తుంటే ఎదురింటి ఓబిలేష్ అన్న గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏమప్పా, ఏమన్నా పోగొట్టుకున్నారా?" అన్నాడు. "దొరికింది అన్నా, ఇప్పుడు కోస్తాండాం" అన్నాడు చిన్నాయన.

మిషను పళ్ళచక్రానికి వజ్రపు పొడి అతికించి ఉంటుందట. నువ్వు అక్కడ వెతుకుతున్న వస్తువు ఇక్కడ నీ దారి మీద అరిగిపోయింది. ఒకటి కాదు, మూడు చక్రాలు. గుత్తిలో ఎంతటి బండకైనా ఒకటి చాలుతుందని చిన్నాయన చెబుతూనే ఉన్నాడు. రెండోది అరిగాక ఆ మాట చెప్పడం మానేశాడు.

మొదటి ముక్కను గడ్డపారలతో లేపినప్పుడు నేను అక్కడే ఉన్నాను తాతా. కోసిన అంచు బెల్లం అచ్చులా ఉంది, ఒక్క బుడగ లేదు. చిన్నాయన టేపు తీసి మందం కొలిచాడు. అయిదంగుళాలు. నాలుగడుగుల అవతల కొలిచాడు. అయిదు. గేటు దగ్గర, మధ్యలో, చివర, పన్నెండు చోట్ల కొలిచాడు. అయిదు, అయిదు, అయిదు. ఆ టేపు కొస నేను పట్టుకున్నాను. నాకు నవ్వు రావాలి, రాలేదు.

దాని కింద రాళ్ళు. పారబోసిన రాళ్ళనుకున్నాను. కాదు. ఒక్కొక్క రాయినీ సన్నంచు పైకి వచ్చేలా నిలువుగా పేర్చి, సందుల్లో చిన్న రాళ్ళు కూరి, వాటి సందుల్లో ఇసక నింపి ఉన్నాయి. నలభై అడుగుల పొడుగునా. చిన్నాయన చెప్పులు విడిచి ఆ రాళ్ళ పక్కన కూర్చున్నాడు. "ఇది ఎవురికి కనపడతాదిరా? మీద సిమెంటు పోసినాక చూసేదానికి ఎవురుండారు? ఐనా నిలబెట్టినాడు చూడు, ఒక్కో రాయి" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా రాయి కోసి బతికే మనిషి. నాయన వెళ్ళి టీ తెచ్చాడు. ముగ్గురం నీ రాళ్ళ పక్కన నేల మీద కూర్చుని తాగాం. కాలేజీలో మూడేళ్ళు కూర్చున్నాను, ఇలా ఎక్కడా కూర్చోలేదు.

రాళ్ళ కింద మన్ను బూడిదలా ఉంది. పదకొండేళ్ళుగా ఎండా వానా ఎరగని మన్ను. పిడికిట్లో పట్టుకుంటే పిండిలా జారిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. మన్నుకు వాసన లేకపోవడం ఉంటుందని నేను చదువుకోలేదు.

నువ్వు చెప్పినట్టే మోకాలి లోతు తవ్వి, ఇటుకలు దిగ్గొట్టి, గులకరాయి వేసి, చెరువు మన్నూ పేడ ఎరువూ నింపాం. చెరువు కట్ట మీద నుంచి గరిక వేళ్ళతో పెళ్ళగించి తెచ్చి నాటాను. పొరపాటున చక్రం ఎక్కినా గరిక చావదు. వంపు దగ్గర అమ్మ కరివేపాకు మొక్క కావాలంది, పెట్టాను. అందం కోసం నా సొంత కల్పన ఒకటి చేర్చాను. మన్నును దారి కన్నా జానెడు ఎత్తున గట్టులా పోసి, రెండు వైపులా తెల్లరాళ్ళు పేర్చాను. చూస్తే పార్కులా ఉంది. నాయన బండి తోలాడు. మూడు చక్రాలూ మూడు దారుల్లో పోయాయి, ఒక్క ఆకు నలగలేదు.

వాన ఒక్కటే రావాలి.

నీ దారి చూసిన వాడు,
శశి

*

వజ్రకరూరు
18-7-2025

శశి,

ఈ జాబు అందంగానే పార తీసుకో. చదువుతా నిలబడొద్దు.

మన్ను ఎత్తుగా పోస్తివా? రాళ్ళు పేరిస్తివా? అది తోట కాదురా, సమాధి. నీళ్ళు వచ్చి ఆ గట్టుకు గుద్దుకొని, దాని పక్కనే పొడుగునా నేరుగా మగ్గం రూములోకి పోతాయి. ముందు కన్నా జోరుగా పోతాయి. నీళ్ళకు తావు ఇయ్యమంటే గోడ కట్టినావు.

మన్ను సిమెంటు కన్నా నాలుగు వేళ్ళు కిందికి ఉండల్ల. తెల్లరాళ్ళు తీసి అవతల పారెయ్యి. ఇది మేస్త్రీకి చెప్పే పని లేదు, అందుకే నేను రాయల్యా. నువ్వు మేస్త్రీవి కాదని మరిసిపోయినా. తప్పు నాది కూడా.

ఈడ నిన్న సాయంత్రం నుంచి పడమటి దిక్కు నల్లగా ఉండాది. మీ తట్టు వస్తాది. త్రివేణితో ఫోన్ చేపిచ్చినా, మీ ఊర్లో టవరు చెడిందంట, ఎవురికీ కలవల్యా. పరిగెత్తు.

కుళ్ళాయప్ప

*

రాప్తాడు
24 జూలై 2025

తాతా,

మంగళవారం పొద్దున పదకొండుకు పోస్టుమ్యాన్ యేసన్న నీ ఉత్తరం ఇచ్చాడు. మొదటి రెండు వాక్యాలు చదివి పార తీసుకున్నాను. మిగతాది అమ్మ నా వెనకే నడుస్తూ పైకి చదివింది. "సమాధి" అన్న మాట దగ్గర యేసన్న సైకిలు దిగి, "ఎవురు పోయినారు?" అని అడిగాడు. అప్పటికే పడమర నల్లగా ఉంది.

నలభై అడుగుల గట్టు. నేను పారతో, అమ్మ గంపతో, ఊరికే నిలబడి చూడలేక యేసన్న చేతులతో. ఉత్తరాల సంచి గేటుకు తగిలించి, ఖాకీ చొక్కా చేతులు మడిచి, "నేను ఇచ్చే జాబుకు ఇంత పని ఉంటాదని తెలీదప్పా" అంటూ తెల్లరాళ్ళు ఏరి అవతల వేశాడు. గరిక వేళ్ళు తెగకుండా పైకెత్తడం, కింద మన్ను తీయడం, మళ్ళీ పెట్టడం. వంపు దగ్గర చివరి మూడు అడుగులు మిగిలి ఉండగా మొదటి చినుకు నా వీపు మీద పడింది. అది చినుకు కాదు, ఎవరో తట్టి పిలిచినట్టు ఉంది. అమ్మ గంప వదిలేసి రెండు చేతులతో తోడింది. నాలుగు వేళ్ళ లోతు. తన వేళ్ళు పెట్టి కొలిచి చూసుకుని, లేచి, కాళ్ళు కడుక్కుని, తల తుడుచుకుని, తిన్నగా వెళ్ళి మగ్గం మీద కూర్చుంది.

"అమ్మా, ఇప్పుడా?" అన్నాను.

"ఇప్పుడే. వస్తే కాళ్ళకు తెలుస్తాది" అంది.

తర్వాత వచ్చింది తాతా వాన. జూన్‌లో వచ్చింది దీనికి తమ్ముడు. ఎదురింటి గోడ కనబడలేదు. నేను వంపు దగ్గర, యేసన్న గేటు దగ్గర, తలల మీద గోనెసంచులు వేసుకుని నిలబడ్డాం. దారి కుడివైపు మళ్ళీ ఏరయింది. అదే పరుగు, అదే వాటం. అంత నీరూ అంచు దగ్గరకు వచ్చింది. ఒక్క క్షణం తటపటాయించినట్టు పొంగింది. ఆ తర్వాత దిగింది. నలభై అడుగుల పొడుగునా ఒకేసారి దిగింది. గరిక మునిగింది. నీళ్ళు నిండుతాయని, పొర్లుతాయని చూస్తున్నాను. నిండలేదు. లోపల నుంచి బుడగలు వచ్చాయి, చిన్నవి, తర్వాత పెద్దవి. తర్వాత చప్పుడు. ఎండలో నడిచి వచ్చిన మనిషి చెంబెత్తి తాగినప్పుడు గొంతులో వచ్చే చప్పుడు. వాన హోరులోనూ వినబడింది. పదకొండేళ్ళు నోరు మూసుకుని ఉన్న నేల తాగుతోంది తాతా. నేను వృక్షశాస్త్రం చదివాను, ఇంకడం అంటే ఏమిటో రెండు పేజీలు రాసి పాసయ్యాను. ఇది ఆ రెండు పేజీల్లో లేదు. గేటు దగ్గర యేసన్న సంచీ తల మీద నుంచి తీసేసి, వానలోనే నిలబడి, ఊరికే చూస్తున్నాడు.

మగ్గం రూము నుంచి నాడె చప్పుడు వస్తూనే ఉంది. మధ్యలో ఆగింది. "వచ్చినాయా?" అని అమ్మ కేక. "రాలేదమ్మా!" మళ్ళీ చప్పుడు. కాసేపటికి ఆగింది. "శశీ, వచ్చినాయా?" "రాలేదు!" మూడోసారి కూడా అడిగింది. నాలుగోసారి అడగలేదు. వాన ముప్పావుగంట కురిసింది, నాలుగోసారి ఆమె అడగలేదు.

ఆగాక లోపలికి వెళ్ళాను. అమ్మ కాళ్ళు గుంతలోనే ఉన్నాయి. వంగి అడుగున చెయ్యి పెట్టి తీసి చూపించింది. వేళ్ళకు పొడి దుమ్ము. దాన్ని నా తడి చొక్కాకు తుడిచి, "అన్నం తిన్నావా?" అంది. అంతే. పెళ్ళిచీర కొంగు దాకా వచ్చింది. ఈ వారం మగ్గం మీద నుంచి దించుతుంది. తర్వాతి చీరకు పడుగు కూడా చెప్పేసింది.

ఈ రోజు పొద్దున చూస్తే గరిక మధ్యలో నేను నాటని మొలకలు వచ్చాయి. తుమ్మి ఒకటి, ఉత్తరేణి రెండు, పేరు తెలియనివి ఒక పిడికెడు. చెరువు మన్నులో వచ్చినవో, నీ రాళ్ళ కింద పదకొండేళ్ళు పడుకుని లేచినవో తెలియదు. నేను చదివిన చదువుకు చెప్పగలగాలి. చెప్పలేను. వాటి ముందు గొంతుక్కూర్చుని అరగంట చూసి వచ్చాను.

సాయంత్రం ఓబిలేష్ అన్న వచ్చి, వాళ్ళ వాకిట్లో కూడా ఎక్కడ కొయ్యాలో చెప్పమన్నాడు. నాకు తెలియదని, మా తాతను అడిగి రాస్తానని చెప్పాను. ఆయనకు స్కూటరు. రెండే చక్రాలు.

నీ మనవడు,
శశి

*

వజ్రకరూరు
29-7-2025

శశీ,

జాబు అందింది. నాలుగు తూర్లు చదివినా. భూతద్దం మసకబారితే తుడుచుకొని మళ్ళీ చదివినా.

ఓబిలేష్‌కు చెప్పు, వచ్చి చూడందే నేను గీత చెప్పనని. ఇంగ మీదట ఎవురికీ చెప్పను. నీళ్ళు యాడికి పోతాయో అడిగినాకే చెప్తా.

అరుణజ్యోతికి చెప్పు, చీర దించినాక ఒక కొస నాకు చూపిచ్చమని. తాకను, చేతులు గరుకు. చూస్తా.

యాభై ఏండ్లు పని చేసినా. మిద్దె మీద నీళ్ళు కిందికి పంపినా, వాకిట్ల నీళ్ళు వీధికి పంపినా, వీధి నీళ్ళు మోరీకి పంపినా. యాడికైనా సరే, పొమ్మనే చెప్పినా. రమ్మని ఒక్క తూరి చెప్పల్యా. ఈ సీమలో పుట్టి, ఒక్క తూరి కూడా నేను దాన్ని లోపలికి రమ్మనల్యా.

ఈడ వజ్రాల పని సాలు. రాళ్ళన్నీ చేలోనే పారేసినా. ఆదివారం బస్సుకు వస్తాండా. ఆగస్టు అంతా ఉంటా. వాన వచ్చినప్పుడు నన్ను ఎవురూ లోపలికి రమ్మని పిలవొద్దు, గొడుగు పట్టొద్దు. అంచు కాడ కూచుంటా. నీళ్ళు దిగేటప్పుడు ఆ మన్ను మీద అరచెయ్యి పెట్టి చూడల్ల నాకు.

కుళ్ళాయప్ప